ఎనిమిదేళ్ల వాషింగ్ మెషీన్ బాగుచేయించాలా, మార్చాలా? ముందు మీ బోరు నీళ్ల సంగతి చూడండి

మీరు రాసిన వివరాలు ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. భీమవరం దగ్గర ఊరు. ఎనిమిదేళ్ల కిందట కొన్న ఏడు కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్. బట్టలు పిండేటప్పుడు గుమ్మం ముందు లారీ ఆగినంత చప్పుడు, కింద కొద్దిగా చెమ్మ. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినతను డ్రమ్ము మొత్తం మార్చాలి, 12,800 రూపాయలవుతుంది అన్నారు. అదే సైజు కొత్తది 31,000. పాతదానికి 2,500 ఇస్తామంటున్నారు. బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

నాకంటే ముందు జవాబిచ్చినవారంతా ధరలు పోల్చి చెప్పారు. కొత్తదాని ధరలో సగం దాటితే బాగుచేయించవద్దన్నది వారి లెక్క. అది తప్పని అనను. కానీ మీ ప్రశ్న చివర్లో "మాకు బోరు నీళ్లే" అని ఒక్క ముక్క రాశారు చూడండి, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. సరిగ్గా ఆ విషయం పట్టించుకోకపోవడం వల్లే మేము ఒకే జబ్బుకు రెండుసార్లు డబ్బు పోసుకున్నాం.

మా అత్తవారిల్లు కోనసీమలో మలికిపురం వైపు, సముద్రానికి దగ్గర. 2016లో ఫ్రంట్ లోడ్ కొన్నాం. అయిదో ఏడు రాగానే మీరు చెప్పిన చప్పుడే మొదలైంది. మొదట్లో పిండేటప్పుడు సన్నగా రొద, రెండు నెలలు తిరిగేసరికి పక్క గదిలో పిల్లలు నిద్ర లేచేంత మోత. సర్వీస్ సెంటర్ వారు వచ్చి డ్రమ్ము ఇరుసు సాఫీగా తిరిగేలా చేసే బేరింగులు, వాటిలోకి నీరు పోకుండా ఆపే ఆయిల్ సీల్ పోయాయని చెప్పి మార్చారు. 5,600 రూపాయలు తీసుకున్నారు. మెషీన్ కొత్తదానిలా నిశ్శబ్దంగా తిరిగింది. మా అత్తగారు చెయ్యి మీద వేసి, "అసలు తిరుగుతోందా?" అని అడిగారు. సరిగ్గా పద్నాలుగు నెలలకు మళ్లీ మోత. ఈసారి మోతతో పాటు డ్రమ్ము ఊగి ముందున్న రబ్బరుకు రాసుకుని, తెల్లబట్టల మీద నల్లటి చారలు పడటం కూడా మొదలైంది.

ఈసారి మాకు తెలిసిన మెకానిక్కును రాజోలు నుంచి పిలిపించాం. ఆయన దొడ్లో గోనెపట్టా పరిచి మెషీన్ విప్పారు. డ్రమ్ము చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొట్టి రెండు సగాలుగా విడిపోయింది. లోపలి స్టీలు డ్రమ్ము మాత్రం తళతళలాడుతూనే ఉంది. దాన్ని బోర్లించగానే అసలు సంగతి కనబడింది. డ్రమ్ము వెనక దాన్ని పట్టుకుని తిప్పే మూడు చేతుల అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది, దాన్ని స్పైడర్ అంటారు. ఆ మూడు చేతులూ తెల్లగా పొడి కట్టి ఉన్నాయి, పాతగోడకు ఉప్పు పూసినట్లు. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో గీకితే పొడి కింద లోహం లేదు, గుంట ఉంది. ఒక చెయ్యి మొదలు దగ్గర అడ్డంగా చీలిక. వేలితో కాస్త నొక్కితే ఆ ముక్క పెచ్చులా ఊడి గోనె మీద పడింది. మూడు చేతులలో మిగిలినవి రెండే. వాటి మీదే తడిసిన బట్టల బరువంతా నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోంది.

"అమ్మా, అప్పుడు బేరింగు మార్చినవాడు దీన్ని చూసి ఉండాలి. చూసి కూడా చెప్పలేదంటే వాడిది తప్పు. కానీ దీన్ని తిన్నది మాత్రం మీ బోరు" అన్నారు ఆయన. ఆ మాట నేను మరిచిపోలేదు.

తర్వాత నేను దీని గురించి పట్టుబట్టి తెలుసుకున్నాను. ఉప్పునీటిలోని క్లోరైడ్‌కు అల్యూమినియంతో పడదు. మామూలుగా అల్యూమినియం పైన సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్ ఆ పొరను చిల్లులు చేసి లోపలికి తొలుస్తుంది. పైగా ఈ చట్రం స్టీలు డ్రమ్ముకు బిగించి ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిసి ఉంటే వాటిలో బలహీనమైనది ముందు కరుగుతుంది. ఇక్కడ బలహీనమైనది అల్యూమినియం. సబ్బుపొడిలో ఉండే క్షారం కూడా దానికి శత్రువే. పొడి ఎక్కువ వేసి, ఉతికాక వెంటనే తలుపు మూసేస్తే ఆ మడ్డి చట్రం మీద పేరుకుని రాత్రంతా తడిగా ఉంటుంది. మా ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగేది. చిన్నపిల్లలు తలుపులో దూరతారేమోనన్న భయంతో ఉతకడం అవ్వగానే మూసేసేవాళ్లం.

మన డెల్టాలో బోరు నీరు ఎందుకిలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఈ నేలంతా సముద్రం వెనక్కు జరుగుతూ ఉండగా గోదావరి మేట వేసిన మట్టి. లోతుకు వెళ్లేకొద్దీ పాత సముద్రపు ఉప్పు ఇంకా అందులోనే ఉంది. దాని మీద కాలువల నుంచి, వరిచేల నుంచి, వానల నుంచి ఇంకిన తియ్యని నీరు పలచటి పొరలా నిలుస్తుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసిన తర్వాత ఆ పొర సన్నబడుతుంది, బోరు లోతుగా ఉంటే మోటారు కింది ఉప్పునీటిని లాగడం మొదలుపెడుతుంది. అదే బోరు సెప్టెంబరులో ఒక రుచి, మే నెలలో ఇంకో రుచి. మీ వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు కూడా ఉన్నాయి కనుక ఈ సంగతి నాకంటే మీకే బాగా అనుభవం.

దీనికి సరిగ్గా ఎదురుగా మా పుట్టింటి కథ ఉంది. పుట్టిల్లు పి.గన్నవరం దగ్గర లంక. అక్కడ ఇసుకనేల, పక్కనే ఏరు, పాతిక అడుగులలోనే తియ్యని నీరు. అమ్మ దగ్గర ఉన్నది మామూలు సెమీ ఆటోమేటిక్, రెండు తొట్లది. నా మెషీన్ కంటే ఎన్నో ఏళ్ల ముందు కొన్నది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు లంకలన్నీ మునిగాయి. మా ఇంట్లో మోకాలి పైకి వచ్చింది నీరు. అమ్మను పడవ మీద బయటకు తెచ్చుకున్నాం. తిరిగి వెళ్లేసరికి మెషీన్ చుట్టూ బెత్తెడు ఒండ్రు. సెమీ ఆటోమేటిక్‌లో రెండు మోటార్లూ అడుగునే ఉంటాయి కనుక రెండూ మునిగాయి. పైన ఉండే టైమర్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

తమ్ముడు ప్లగ్గు పెట్టబోతే అమ్మే ఆపింది. అది మంచిదైంది. నీట మునిగిన మోటారుకు కరెంటు ఇస్తే తీగచుట్ట కాలిపోవడం ఒక సంగతి, షాక్ కొట్టి మనిషి ప్రాణం పోవడం అంతకంటే పెద్ద సంగతి. వెనక రేకు విప్పి, మంచినీళ్లతో ఒండ్రు కడిగి, మోటార్లు రెండూ ఊడదీసి వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే షాపుకు పట్టుకెళ్లాం. ఆయన ఆరబెట్టి, మెగ్గర్ (తీగచుట్ట నుంచి కరెంటు బయటకు పోతోందేమో చూసే మీటరు) పెట్టి చూసి, ఉతికే మోటారు బాగానే ఉందన్నారు. పిండే మోటారుకు మాత్రం కొత్తగా రాగితీగ చుట్టారు. మోటారు కదలడానికి ఊతమిచ్చే కెపాసిటరు, పిండే తొట్టి కింద రబ్బరు సీలు, బ్రేకు తీగ కలిపి మొత్తం 2,300 రూపాయలు. ఆ మెషీన్ ఇప్పటికీ నడుస్తోంది. తిరగలేని రోజున హుమ్మని మూలిగితే కెపాసిటరు పోయిందని అమ్మకే తెలిసిపోతుంది, మెకానిక్కుకు ఫోను చేసి ఆ ముక్కే చెబుతుంది. (మీలో ఎవరైనా స్వయంగా విప్పేవారుంటే ఒక్క మాట: ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది. దాని కాళ్లు ముట్టుకోవద్దు.)

వరదలో మునిగిన పాత మెషీన్ బతికింది, నీడపట్టున ఉన్న ఖరీదైన మెషీన్ ఆరేళ్లకు పోయింది. ఈ రెండూ చూశాక నేను ధర కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం నేర్చుకున్నాను: పాడైన భాగం డ్రమ్ముకు బయట ఉందా, డ్రమ్ముతో ముడిపడి ఉందా?

బయట ఉన్న భాగమైతే మెషీన్‌కు పదేళ్లు దాటినా నేను బాగుచేయిస్తాను. నీరు బయటకు వదిలే పంపు, నీరు లోపలికి వచ్చే వాల్వు, బెల్టు, తలుపు తాళం, కెపాసిటరు, ముందున్న రబ్బరు, ఇవన్నీ అరిగితే మార్చుకునేవే. చాలాసార్లు మార్చవలసిన అవసరం కూడా ఉండదు. నీరు పోవడం లేదంటే ముందు కింద మూలన ఉన్న చిన్న మూత తిప్పి జల్లెడ తీయండి. మా ఇంట్లో అక్కడ రూపాయి బిళ్లలు, పిన్నీసులు, ఒకసారి పిల్లాడి లుంగీలో మిగిలిన వరిగింజలు దొరికాయి. నీరు నిండడానికి చాలా సమయం పడుతోందంటే గొట్టం బిగించే చోట వాల్వు మూతిలో ఉండే చిన్న జాలీ చూడండి. వరద రోజుల్లో ట్యాంకులోకి వచ్చే మట్టి అక్కడే పేరుకుంటుంది. ఆ జాలీ కడిగితే సరిపోయేదానికి మా పక్కింటివారు వాల్వు మార్పించుకున్నారు.

డ్రమ్ముతో ముడిపడిన భాగమైతే, అంటే సీలు, బేరింగు, స్పైడర్, వాటి వెనక నీళ్ల కథ ఉంటుంది. సీలు అరిగితే నీరు బేరింగులోకి వెళుతుంది, బేరింగు తుప్పు పడుతుంది, చప్పుడు వస్తుంది. ఆ లోపల స్పైడర్‌ను ఉప్పు తింటూ ఉంటుంది. అప్పుడు ఒక్క భాగం మార్చితే మిగతావి వరసలో నిలబడి ఉంటాయి.

ఎలక్ట్రానిక్ బోర్డు ఈ రెండింటిలోనూ ఇమడదు. మన వైపు బోర్డులు పోవడానికి నేను చూసినంతలో కారణాలు మూడు: కరెంటు ఎగుడుదిగుడులు, పిడుగులు, ఎలుకలు. కోతల కాలంలో చేలల్లోంచి ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. మెషీన్ అడుగు తెరిచి ఉంటే లోపలికి దూరి తీగలు కొరికేస్తాయి. బోర్డు పోయిందని చెప్పినప్పుడు తీగ కొరికి ఉందేమో చూపించమనండి. తీగ ఒక్కటే అతికితే సరిపోయిన సందర్భాలున్నాయి. అడుగున ఇనుప జాలీ బిగించుకోండి, వాన ఉరిమేటప్పుడు ప్లగ్గు తీసేయండి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో తడిచేత్తో మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. అది మెషీన్ లోపమనుకుని కొత్తది కొన్నవారు నాకు తెలుసు. కొత్తది కూడా జివ్వుమంది.

ఇక మీ మెషీన్ సంగతి. డబ్బు ఇవ్వకముందు మీరే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్లగ్గు తీసేసి తలుపు తెరిచి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పండి. గరగరమని రాళ్లు నలిగినట్లు వినిపిస్తే బేరింగు పోయినట్లే. తర్వాత డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. డ్రమ్ము, దాని చుట్టూ ఉన్న తొట్టి రెండూ కలిసి కదిలితే అది స్ప్రింగుల కదలిక, కంగారు లేదు. తొట్టి కదలకుండా డ్రమ్ము ఒక్కటే కదిలితే బేరింగో, స్పైడరో. చుట్టూ తిప్పుతూ చూసినప్పుడు రబ్బరుకూ డ్రమ్ముకూ మధ్య సందు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువగా మారుతుంటే స్పైడర్ మీదే నా అనుమానం. అలాంటప్పుడు మెషీన్ వాడటం వెంటనే ఆపేయండి. పిండే వేగంలో స్పైడర్ చెయ్యి విరిగితే డ్రమ్ము తొట్టిని చీల్చుకుని రావచ్చు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు వెనక రేకు విప్పించి, తొట్టి మధ్యలో బేరింగు ఉన్న చోట నుంచి కిందికి గోధుమరంగు చార దిగిందేమో చూడండి. ఉంటే సీలు పోయి చాలాకాలమైంది. కింద చెమ్మ కూడా అక్కడిదే కావచ్చు. ఆయనను ఒక ప్రశ్న సూటిగా అడగండి: "ఈ మోడల్‌లో తొట్టి బోల్టులతో బిగించి ఉందా, అతికించి ఉందా?" ఈమధ్య చాలా మోడళ్లలో రెండు సగాలనూ వేడితో అతికించేస్తున్నారు. అలాంటివాటిలో వందల రూపాయల సీలు పోయినా తొట్టి మొత్తం మార్చవలసిందే, అందుకే మీకు 12,800 చెప్పి ఉంటారు. బోల్టులదైతే బేరింగులు, సీలు మాత్రమే మార్చి స్పైడర్ శుభ్రం చేసే అవకాశం ఉంది. దానికి అందులో సగం కూడా అవ్వకూడదు. పదేళ్ల వారంటీ ఉంది కదా అని ఆశపడకండి. ఆ పదేళ్లూ సాధారణంగా మోటారు ఒక్కదానికే, మీ మోటారుకు ఏ జబ్బూ లేదు.

విడిభాగం దొరకదని చెప్పినా, అంచనా కాగితం మీద రాసి ఇవ్వకపోయినా ఊరుకోవద్దు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ పెట్టింది, అందులో కంపెనీలు తమ సర్వీసు, విడిభాగాల వివరాలు ఉంచుతున్నాయి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

నన్నడిగితే నా జవాబు ఇది. మీ తొట్టి బోల్టులదై, స్పైడర్ గట్టిగా ఉంటే బేరింగులు, సీలు మార్పించండి. ఎనిమిదేళ్లయినా ఫరవాలేదు. స్పైడర్ పొడి రాలుతుంటే, లేదా తొట్టి అతికించినదైతే, ఎనిమిదేళ్లు ఉప్పునీళ్లలో నానిన మెషీన్ మీద 12,800 పెట్టవద్దు. కానీ కొత్తది కొనడానికి కూడా తొందరపడవద్దు. అదే బోరు నీరు పడితే 31,000 పెట్టిన మెషీన్‌కు కూడా మా మొదటిదాని గతే పడుతుంది.

మేము కొత్తది కొనే ముందు బోరు నీరు పరీక్ష చేయించాం. మే నెలలో తీసిన నీటిలో క్లోరైడ్ లీటరుకు 1,180 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణం 250, వేరే దారి లేని చోట గరిష్ఠంగా 1,000. పరీక్షకు నీరు ఎండాకాలంలోనే తీయండి. వానల్లో తీస్తే బోరు మంచిదనిపిస్తుంది. షాపువారు గొట్టానికి బిగించే మెత్తనినీటి ఫిల్టరు అంటగట్టాలని చూస్తారు. అది నీటిలోని కాల్షియం, మెగ్నీషియంను పట్టి సబ్బు నురగ బాగా వచ్చేలా చేస్తుంది, అంతవరకు నిజం. ఉప్పును మాత్రం అది తీయదు, క్లోరైడ్ అలాగే లోపలికి పోతుంది. ఈ తేడా షాపులో ఎవరూ చెప్పరు కనుక గట్టిగా చెబుతున్నాను.

మేము చేసిందల్లా ఒక్కటే. పంచాయతీ కుళాయి నీరు పట్టడానికి 500 లీటర్ల ట్యాంకు విడిగా పెట్టి, దాని గొట్టం మెషీన్‌కు మాత్రమే ఇచ్చాం. ఫ్రంట్ లోడ్ ఒక ఉతుకుకు యాభై, అరవై లీటర్లు తాగుతుంది కనుక ఒకసారి నిండితే వారమంతా చాలుతుంది. ప్లంబింగుతో కలిపి 7,000 అయింది. సబ్బుపొడి మానేసి ద్రవం కొద్దిగా వాడుతున్నాం, ఉతికాక తలుపు తెరిచే ఉంచుతున్నాం. పిల్లల కోసం గది తలుపుకు గడియ పెట్టించాం. కొత్తది కొని మూడేళ్లు దాటింది. కిందటి నెల వెనక రేకు విప్పించి చూశాను, ఎక్కడా చార లేదు.

కుళాయి నీరు అందే వీలు మీకు లేకపోతే, నా సలహా సెమీ ఆటోమేటిక్. ఉతికే తొట్టి ప్లాస్టిక్, ఈ అల్యూమినియం చట్రం గొడవ దాన్లో ఉండదు, భీమవరంలో ఏ వైండింగ్ షాపులోనైనా మోటారు బాగవుతుంది. చేత్తో బట్టలు ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి మార్చుకోవాలి, అది కష్టమే. నడుం నొప్పి ఉన్న పెద్దవారింట్లో ఈ మాట నేను చెప్పను.

పాతది ఎక్స్‌ఛేంజికి ఇచ్చే ముందు మీ మెకానిక్కును కూడా ఒక మాట అడగండి. మోటారు, పంపు, బోర్డు బాగున్న మెషీన్‌కు ఆయన 2,500 కంటే ఎక్కువే ఇవ్వవచ్చు. మాది అలాగే అమ్మాం. పాత ఇనుము కొనేవారికి మాత్రం ఇవ్వకండి. లోపల బరువు కోసం పెట్టే సిమెంటు దిమ్మను వారు కాలువగట్టు మీదే పడేసి పోతారు, తీగలు తగలబెట్టి రాగి తీస్తారు.

ముందు డ్రమ్ము ఎత్తి చూడండి, వెనక రేకు విప్పించి ఫొటో తీయండి. ఆ ఫొటో, మోడల్ పేరు ఇక్కడ పెడితే అది బేరింగో స్పైడరో నాకు తెలిసినంతలో చెబుతాను. మా మెకానిక్కుకు కూడా చూపిస్తాను.